ముందు నిలబడిన పిల్ల

పదమూడో వారం

యాళిని పోయి ఎనిమిది నెలలయింది. నా కూతురు, ఐదేళ్ళ పిల్ల. తాత కరుప్పయ్య స్కూటరు మీద ముందు నిలబడి బడికి బయలుదేరింది. సూలూరు దాటాక, వినాయకుడి గుడి ఉన్న పిళ్ళయార్ మలుపులో, నూలు మూటలతో వస్తున్న లారీ ఒకటి పక్కగా పోతున్న స్కూటరును రాసుకుంటూ పోయిందని పోలీసు కాగితంలో ఉంది. ఆ మాట చెప్పింది ఆ తాతే, మా మామగారు. చూసినవాళ్ళు ఇంకెవరూ లేరు. లారీ నడిపిన యేసుదాస్ మీద కేసు సోమవారం విచారణకు వస్తుంది. మామగారి సాక్ష్యం నిలిస్తే అతను జైలుకు పోతాడు. శుక్రవారం మధ్యాహ్నం, నేను నాలుగో తరగతి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ ఉండగా, నా కోసం ఎవరో ఆడమనిషి గేటు దగ్గర నిలబడి ఉందని వాచ్‌మన్ సుందరమూర్తి వచ్చి చెప్పాడు.

"దిండిగల్ నుంచి వచ్చిందంట టీచర్. మన తెలుగే మాట్లాడతా ఉంది" అన్నాడు సుందరమూర్తి. "మీ సొంతవాళ్ళు అనుకుంటి. సంచి ఎదకు ఆనించుకోని, పెండ్లి పత్రిక ఇయ్యను వచ్చినట్టు నిలబడింది. కూసోమంటే కూసోదు."

"పేరు చెప్పిందా?"

"మీకే చెప్తాదంట. నేను అంత పెద్దమనిషిని కాదంట."

నోటు పుస్తకాల కింద ఉన్న కాగితాన్ని ఇంకాస్త లోపలికి తోశాను. హెడ్మాస్టరు ఈశ్వరన్ గారు వారం కిందట నాకు అప్పజెప్పిన పని అది. బడికి బిడ్డల్ని స్కూటర్ల మీద దింపే తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పాలి. 'మీరు చెప్తే వింటారు టీచర్' అన్నారు ఆయన. అని, వెంటనే తల తిప్పుకొన్నారు. ఎందుకు వింటారో ఇద్దరికీ తెలుసు.

ఏడు వాక్యాలు రాశాను. బిడ్డను ముందు నిలబెట్టకండి, గట్టిగా బ్రేకు వేస్తే మీకూ హ్యాండిల్‌కూ మధ్య నలిగేది బిడ్డే. వీధి చివరి దాకే అయినా హెల్మెట్ పెట్టండి. మీ హెల్మెట్ బిడ్డకు పెట్టకండి, అది చిన్న తల మీద నిలవదు. గడ్డం కింద పట్టీ బిగించండి. నాలుగేళ్ళు నిండని బిడ్డను మీ ఒంటికి కట్టుకొనే బెల్టు లేకుండా ఎక్కించకండి. బిడ్డ ఉన్నప్పుడు మెల్లగా నడపండి. నిద్ర తూగుతుంటే ఆపి, దింపి, మొహం కడిగి మళ్ళీ బయలుదేరండి. ఏడు వాక్యాల ముందూ 'దయచేసి' అని రాసి, ఏడింటినీ కొట్టేశాను. బతిమాలవలసిన విషయం కాదనిపించింది.

గేటు దగ్గరికి వెళ్ళాను.

ముప్పై ఏళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఇనుప పొడితో నల్లబడి ఉన్నాయి. ఆ నలుపు కడిగినా పోయేది కాదు. తాళాల కార్ఖానాలో తాళంచెవులకు ఆకురాయి పట్టే చేతులని తరవాత తనే చెప్పింది.

"టీచరక్కా, నా పేరు జెబమలర్. యేసుదాస్ పెండ్లాన్ని."

యేసుదాస్ పేరు నేను కాగితం మీద ఎన్నోసార్లు చదివాను. మనిషి నోటి నుంచి వినడం అదే మొదలు. చెప్పవలసిన వాక్యం నా దగ్గర సిద్ధంగానే ఉంది. చెప్పాను.

"కేసు కోర్టులో ఉంది. నువ్వు నాతో మాట్లాడకూడదు. నీకే ఇబ్బంది."

"తెలుసుక్కా. వక్కీలు గూడా పోవద్దనె." కదలలేదు. "కేసు మాట మాట్లాడను రాలే. విడిచిపెట్టండని కాళ్ళు పట్టుకోను రాలే. ఒక్క మాట అడిగి పోతా. నాలుగున్నరకు బస్సు. మీరు చెప్పనంటే ఇప్పుడే పోయి ఆ బస్సు నిలుపులో కూసుంటా."

సుందరమూర్తి గేటు తాళాన్ని అవసరం లేకుండా రెండుసార్లు తీసి వేస్తున్నాడు. ఆమె అతని వైపు చూసి, "అన్నా, ఆ తాళం మా ఊరిదే. ఊరికే తిప్పితే అరిగిపోతాది" అంది. అతను చేతులు వెనక్కి తీసుకొన్నాడు.

సైకిల్ షెడ్డు కిందికి తీసుకువెళ్ళాను. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు లోపలికి పోయారు. షెడ్డులో సిమెంటు దిమ్మె మీద ఇద్దరం కూర్చున్నాం, మధ్యలో ఆమె సంచి.

"అడగండి" అన్నాను.

"'అండి' వద్దుక్కా. ఇంతకుముందు 'నువ్వు' అంటిరే, అట్లనే అనండి." సంచి మీద చేయి పెట్టింది. "మా ఆయన ఒకే మాట చెప్తాడు. ఎనిమిది నెలలుగా అదే. స్టేషన్‌లో చెప్తే నగినారంట. వక్కీలు, ఆ మాట కోర్టులో అన్నావంటే నీ తరఫున నేను నిలబడలేనయ్యా అనె. మా అత్త, సైతాను పట్టింది అని పాస్టరుతో ప్రార్థన చేయించె. అయినా అదే చెప్తాడు."

"ఏం మాట?"

"పెద్దాయన చేతులు హ్యాండిల్ మీద లేవు. చెవుల మీద ఉండాయి."

నేను ఆమె వైపు తిరిగాను.

"ఇట్ల." సంచి పక్కకు జరిపి చేసి చూపించింది. ఎడమచేత్తో కుడి చెవి తమ్మె. దాని మీదుగా కుడిచేయి అడ్డం వేసి ఎడమ చెవి తమ్మె. అలా పట్టుకొని కూర్చున్నచోటే కొద్దిగా లేచి, కూర్చుంది. మళ్ళీ లేచి, కూర్చుంది. "మూడు తూరి చేసె అంట. బండి మీద కూసోనే. మాకు ఈ మొక్కు తెలియదుక్కా, మేము చర్చికి పోయేటోళ్ళం. ముసలాయన బిడ్డను నగించను ఏదో ఆట ఆడతా ఉండాడు అనుకున్నాడంట మా ఆయన. లారీలో నుంచి చూసి, ఆయనా నగినాడంట. ఆ నగు మొహం మీద ఉండంగానే బండి అడ్డం వచ్చేసె అంటాడు. పెద్దాయన బండి మీద లేడు. పాప ఒకతే ఉండె. నిలబడి."

షెడ్డు రేకు మీద ఎండకు చిటపటమని చప్పుడు. మూడో తరగతి గదిలో ఎక్కాలు చెప్పిస్తున్నారు.

"మీ ఇంటి పెద్దాయన అట్ల చేస్తాడా అక్కా? అది అడగనే వస్తి. చెయ్యడంటే చెప్పండి. ఇంటికి పోయి ఆయనకు చెప్తా. నువ్వు చూసింది లేదు, నీకు మతి చెదిరింది, వాళ్ళు చెప్పినట్టే ఒప్పుకోని ఎన్నేళ్ళయినా ఉండి రా, నేను బిడ్డను చూసుకుంటా అని చెప్తా. చేస్తాడంటే..."



మా వీధిలో అందరికీ తెలుసు. మామగారికి అరవై ఎనిమిదేళ్ళు. జొన్న, పత్తి, మొక్కజొన్న వేసిన నల్లమట్టిలో యాభై ఏళ్ళు నడిచిన మోకాళ్ళు. నాలుగేళ్ళుగా అవి వంగవు. పిళ్ళయార్ ముందు గుంజీలు తియ్యకుండా ఆయన ఆ మలుపు దాటరు. దిగి తియ్యలేరు. అందుకని స్కూటరు గుడి ముందు ఆపి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, కూర్చున్నచోటే తీసేవారు. మా అత్త అంగమ్మాళ్ దాన్ని చూసి నవ్వేది. 'దిగి మొక్కితే ఆ సామి వద్దంటాడా?' అనేది. 'దిగితే మళ్ళా ఎక్కేది ఎవురు? కిక్కు కొట్టేది ఎవురు? నీ నాయనా?' అనేవారు ఆయన. వీధిలోవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

కిక్కు కొట్టేది ఎవరు. ఆ మాట దగ్గర నా ఆలోచన ఆగింది.

స్కూటరు బ్యాటరీ అప్పటికి రెండు నెలలుగా బలహీనంగా ఉంది. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేది కాదు. కిక్కు కొట్టడానికి ఆయన మోకాలు ఒప్పుకోదు. పొద్దున నా భర్త సత్యరాజే కొట్టి ఇచ్చేవాడు. బ్యాటరీ మార్చమని నేను అన్నాను. వచ్చే ఆదివారం అన్నాడు. వచ్చే ఆదివారం అని నాకూ అనిపించింది. ఒకసారి స్టార్ట్ చేసిన బండిని దారిలో ఎక్కడ ఆపినా ఆయన ఇంజను ఆపేవారు కాదు. ఆపితే మళ్ళీ బయలుదేరలేరు.

నేను రాసిన ఏడు వాక్యాల్లో ఆ సంగతి లేదు. బండి ఆగింది కదా అనుకొనే చోటు అది. ఇంజను నడుస్తోంది. ముందు నిలబడిన పిల్ల రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. వెనక ఉన్న మనిషి రెండు చేతులూ హ్యాండిల్ మీద లేవు.

"చేస్తారు" అన్నాను.

జెబమలర్ ఏడుస్తుందనుకొన్నాను. ఏడవలేదు. చెంగుతో మొహం తుడుచుకొని, "మా ఆయనకు మతి చెదరలేదు" అంది. నాతో చెప్పిన మాట కాదు అది.

చేతికందే సైకిలు సీటు మీది దుమ్మును వేలితో తుడిచింది. ఆమే మళ్ళీ మాట్లాడింది.

"మాకూ ఒక పాప. ఆరేళ్ళు. టీవీయస్ మీద ముందు నిలబెట్టుకోనే పోతా ఉంటిమి. వెనక కూసోబెడితే నిద్రపోతాది, ముందయితే మన చేతుల నడుమ ఉంటాది అనుకుంటిమి. ఇప్పుడు దాన్ని బండి దగ్గరికే రానియ్యడు. మూడు కిలోమీటర్లు నడిపించుకోని బడికి తీసకపోతాడు. పాప తిడతాది, కాళ్ళు నొప్పి నాయనా అని. ఎత్తుకుంటాడు. బండి ఎక్కించడు." సంచి భుజానికి వేసుకొని లేచింది. "సోమవారం పెద్దాయన ఏం చెప్పాలో నేను చెప్పనుక్కా. అది మీ ఇంటి పని."

గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"పాప పేరేమి అక్కా? కోర్టు కాగితంలో ఇంగ్లీషులో ఉంది. మా ఆయన రాత్రి ప్రార్థనలో మైనర్ చైల్డ్, మైనర్ చైల్డ్ అనే చెప్తా ఉండాడు."

"యాళిని."

"యాళిని" అని ఒకసారి పలికి చూసుకొని వెళ్ళిపోయింది.

మిగిలిన రెండు పీరియడ్లు పాఠం చెప్పాను. భాగహారం. శేషం సున్నా రాకపోతే లెక్క తప్పయినట్టు కాదని చెప్పాను. పిల్లలు బాగానే చేశారు.

బస్సులో కూర్చున్నాక పంచె గుర్తుకొచ్చింది. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఎవరో మామగారి బట్టలు సంచిలో వేసి ఇచ్చారు. మూడో రోజు ఆ పంచె ఉతికింది నేనే. చెయ్యడానికి ఏదో ఒక పని కావలసి వచ్చింది. పంచె ముందు భాగం శుభ్రంగా ఉంది. మట్టి అంతా వెనకే. లారీ పక్క నుంచి తోస్తే పక్కకు పడాలి, మోకాలో మోచెయ్యో గీరుకోవాలి. ఆయనకు గీత కూడా పడలేదు. కింద నుంచి పీట లాగేస్తే పడినట్టు వెల్లకిలా పడ్డారు. ఆ మట్టిని రెండు చేతులతో రుద్ది పోగొట్టాను నేను. అది నాకు ఏం చెబుతోందో అప్పుడు ఆలోచించలేదు.

ఇల్లు చేరేసరికి ఐదు దాటింది. పడమటి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. మామగారు తాటాకు చాప మీద కూర్చొని మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నారు. మిషను ఉంది. ఐనా మూడు రోజులుగా చేత్తోనే ఒలుస్తున్నారు. అత్త తొట్టి దగ్గర ఆవుకు నీళ్ళు పెడుతోంది.

"వస్తివా ప్రియా? కాపీ పొయ్యి మీదుంది" అంది అత్త. "ఈయనకు చెప్పు తల్లీ నువ్వయినా. గోళ్ళు పోతా ఉండాయి. మిషను చేసే పని మనిషి చేస్తే జొన్నలేమన్నా ఎక్కువ రాలతాయా? అడిగితే మూగోడి మాదిరి చూస్తాడు."

చెప్పులు విడిచి, చాప అంచున కూర్చున్నాను. మామగారు కొంచెం జరిగి చోటు ఇచ్చారు. ఆయన బొటనవేలి గోరు కింద నిజంగానే నెత్తురు గడ్డకట్టి ఉంది. ఆయన ముందు నేను ఎప్పుడూ గొంతు పెంచలేదు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన ఏడాది, ఉద్యోగం మానిపిద్దామని అత్త అంటే, 'పాఠం చెప్పే పిల్లను పాడి పనిలో పెడతావా?' అని అడ్డుపడ్డ మనిషి ఆయన.

ఒక్క ప్రశ్నే అడగాలని బస్సులోనే అనుకొన్నాను. దేవుడి మాట ఎత్తకూడదు. లారీ మాట ఎత్తకూడదు.

"మామా, పిళ్ళయార్ గుడి ముందు ఆ రోజు ఇంజను ఆఫ్ చేసినారా?"

ఆయన చేతిలోని కంకి అలాగే ఉండిపోయింది. బొటనవేలు గింజల వరస మీద ఆగింది.

"ఏమి అడుగుతా ఉండావు అమ్మణీ?"

"ఇంజను ఆఫ్ చేసినారా లేదా?"

తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది. అత్త బిందె పట్టుకొని నిలబడిపోయింది.

"గుడి ముందు ఆపనే లేదు కదా" అంది అత్త. "పోతా ఉంటే కదా ఆ లారీవోడు వచ్చి..."

"నువ్వు సుమ్మా ఊరుకో" అన్నారు మామగారు. ఆ గొంతు నేను ఎరగనిది. కంకిని చాప మీద పెట్టారు. దాన్ని తిన్నగా జరిపారు. మళ్ళీ జరిపారు.

"చెయ్యలే" అన్నారు.

నేను ఎదురుచూశాను. బడిలో నేర్చుకొన్న పని అది. పిల్లవాడు నిజం చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో మాట అందించకూడదు.

"బిడ్డకు సామి మొహం కనపడలే ఆ రోజు" అన్నారు. "ఆ అర తలుపు కొత్తగా పెట్టినారు కదా గుడికి. దాని పై నుంచి చూడాల. నేను మొక్కినంక ఎప్పుడూ ఎత్తి చూపిస్తా. ఉండు కన్నూ, తాత మొక్కి ఎత్తుకుంటాడు అంటి. సరి తాతా అనె. రెండు తూరి అయింది. మూడోది..." చేతులు పైకి లేచాయి, చెవుల దాకా పోకుండానే దిగిపోయాయి. "అది ఉండలే. హ్యాండిల్ పట్టుకోని ఎగిరె. చూసేస్తి తాతా అనె. నగతా అనె. దాని కుడిచెయ్యి ఆడనే కదా ఉండేది, ఆ తిప్పే యాక్సిలేటరు మీద. నా కింద నుంచి బండి పోయె అమ్మణీ. పట్టుకుందామని చూస్తి. నా చేతులు..."

తన చేతులను తానే చూసుకొన్నారు. మడతపెట్టి ఒళ్ళో పెట్టుకొన్నారు.

'చూసేస్తి తాతా.' నా కూతురి చివరి మాట ఎనిమిది నెలలుగా నాకు తెలియదు. ఆసుపత్రిలో అడిగాను, ఏమైనా అన్నదా అని. ఏమీ అనలేదన్నారు. ఇప్పుడు తెలిసింది. నవ్వుతూ అందట.

అత్త ఆవు పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. బిందె ఒరిగి నీళ్ళు ఆమె కాళ్ళ మీదుగా పోతున్నాయి.

"ఓ పాపిష్టి మనిషీ" అంది. తిట్టినట్టు లేదు. "దిగి మొక్కమంటినే. ఎన్ని తూర్లు చెప్తి. దిగి మొక్కమంటినే."

మామగారు తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు.

ఆయన్ని ఏమైనా అనాలని నాకు ఉంది. అనగలిగిన మాటలు చాలా ఉన్నాయి. హెల్మెట్ ఎందుకు పెట్టలేదనవచ్చు. గులాబీ రంగుది, ఆర్.ఎస్. పురం బజారులో నేనే కొన్నది. ఆ రోజు వాకిలి దాటేటప్పుడు అది తలుపు వెనక చిలక్కొయ్యకు వేలాడుతోంది. నేను చూశాను. మలుపు దాటితే బడే కదా అనుకొన్నాను. వందమంది తల్లులకు గేటు దగ్గర నిలబడి వద్దని చెప్పే మాటను నేను నా వాకిట్లో అనుకొన్నాను. ఇక ఆయన్ని ఏమని అడగను?

అడగవలసింది ఒకటి ఉంది. అది యాళిని గురించి కాదు.

"లారీ వేగంగా వచ్చిందా మామా?"

"లేదు. మెల్లగనే వచ్చె. మూటల బండి, మలుపు. ఆ పిల్లోడు బ్రేకు గూడా వేసె. చక్రం కీచుమనె. దూకి వచ్చి మొదట బిడ్డను తీసింది వాడే." చాప అంచు నిమిరారు. "వాడి చొక్కా విప్పి బిడ్డకు కప్పినాడు. నేను ఆ గుడి మెట్టు దగ్గర పడి ఉంటి, లేవలేకుండా."

"ఆయన పేరు యేసుదాస్. ఈరోజు ఆయన భార్య బడికి వచ్చింది."

ఆయన కళ్ళు మూసుకొన్నారు.

"సోమవారం కోర్టులో ఏం చెప్తారు?"

"ఏం చెప్పాలో చెప్పించినారు కదా. వక్కీలు రెండు తూర్లు చెప్పించినాడు. అదే."

"మామా, నేను అడిగేది వక్కీలు మాట కాదు. ఆ పిల్లోడిది తప్పు లేదని మీరే అంటున్నారు. వాడికి ఆరేళ్ళ బిడ్డ ఉంది. సోమవారం మీరు ఆ మాటే మళ్ళా చెప్తే, ఆ బిడ్డ నాయన జైలుకు పోతాడు. మన బిడ్డ పేరు మీద పోతాడు."

ఇంత పొడుగ్గా నేను మాట్లాడి చాలా రోజులయింది.   చాప మీద రాలిన గింజలను ఏరి కుప్పలో వేశాను.

"నాకు తెలియదా అమ్మణీ?" అన్నారు మామగారు. "నిద్ర పట్టిందనుకుంటివా నాకు? ఆ గుడి ముందుకు పోవాలంటే కాళ్ళు రాక, చేను గట్టు మీద చుట్టు తిరిగి పోతా ఉండా. నేను దాయాలనుకోలేదు. సామి సాక్షిగా దాయాలనుకోలేదు. ఆ రోజే చెప్పేస్తి. ఆసుపత్రి వరండాలోనే. పోలీసోళ్ళు వచ్చే ముందే చెప్పేస్తి."

నాకు అర్థం కాలేదు.

"ఎవరికి చెప్పినారు?"

ఆయన ఒలిచిన బెండును పక్కకు నెట్టారు.

"పోలీసుల ముందు లారీ రాసుకుంటూ పోయిందని కదా రాయించినారు?"

"అట్ల రాయించమంటే రాయిస్తి."

"ఎవరు రాయించమనింది మామా?"

ఆయన అత్త వైపు చూశారు. అత్తకూ తెలియదని ఆమె మొహం చెబుతోంది. ఆమె కూడా నాలాగే ఆయన నోటి వైపే చూస్తోంది.

"నీకు తెలిస్తే నువ్వు ఈ ఇంట్లో ఉండవు అనె" అన్నారు మామగారు. "నా చేతి నీళ్ళు తాగవు అనె. బిడ్డ ఎట్లాగూ పోయింది, ఇంక ఇల్లన్నా నిలవనీ అని, నన్ను నోరు తెరవద్దు అనె. నా కాళ్ళు పట్టుకోని ఏడ్చె అమ్మణీ. వాణ్ణి చిన్నప్పటి నుంచి అట్ల ఏడవంగా నేను చూడలే. సరి అంటి."

వీధి మలుపులో మోటారు సైకిల్ చప్పుడు వినిపించింది. ఈ ఇంట్లో అందరం ఎరిగిన చప్పుడే. మిల్లులో పగటి షిఫ్టు ఐదున్నరకు వదులుతుంది.

మామగారు లేవబోయారు. మోకాళ్ళు సహకరించలేదు. చాప మీదే ఉండిపోయారు. నేను సాయం పట్టలేదు. పట్టాలని తోచలేదు.

సత్యరాజ్ బండిని వాకిట్లోకి తెచ్చి, ఇంజను ఆపి, స్టాండు వేశాడు. టిఫిన్ క్యారియరు చేత పట్టుకొని ఇటు తిరిగాడు. నీళ్ళలో కూర్చున్న వాళ్ళమ్మను చూశాడు. చాప మీద ఎదురెదురుగా ఉన్న తండ్రినీ నన్నూ చూశాడు. ఏమైందని అడగలేదు. ఎవరికి ఒంట్లో బాగాలేదని అడగలేదు. నా వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకొన్నాడు.

క్యారియరు మెల్లగా అరుగు మీద పెట్టి, తండ్రితో అన్నాడు:

"ఇంకా మూడు దినాలే కదా నాయనా. ఓర్చుకోలేకపోతివా?"